గోడకు చెమ్మ, కప్పుకు సెగ

కోనసీమ నుంచి ఒక టీచరుగారు రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరం ఆరు పేజీలుంది, ముఖ్యమైనంత వరకు ఇక్కడ చెబుతాను.

వాళ్ళది అత్తింటివారి మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశం కనిపించే ఖాళీ, దాని చుట్టూ గదులూ ఉన్న ఇల్లు. మామగారి తండ్రి కట్టించారట, తొంభై ఏళ్లు దాటింది. గోడలు ఇటుకతో, గానుగ సున్నంతో అడుగున్నర మందాన కట్టినవి. ముందు భాగమంతా తాటి దూలాలు, వాసాల మీద పెంకులు. వెనక రెండు గదులకు పాత మద్రాసు మిద్దె, అంటే చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నం జల్లి పరిచిన కప్పు. మామగారు పోయి నాలుగేళ్లయింది. అత్తగారికి 78 ఏళ్లు, ఆ ఇల్లు వదిలి ఎక్కడికీ రానంటారు. ఈ వేసవిలో మధ్యాహ్నం పూట పెంకుల కింద గదిలో ఉండలేక, తడిపిన తుండు మీద కప్పుకుని మండువా వారన పడుకుంటున్నారు.

అట్లాంటాలో ఉన్న మరిది వీడియో కాల్‌లో అది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. డబ్బు తాను పంపుతానని, ఇల్లంతా వేడి చొరకుండా అడ్డుపొర వేయించమని, అదే ఇన్సులేషన్ చేయించమని పట్టుబట్టారు. టౌను నుంచి వచ్చిన కాంట్రాక్టరు అంచనా ఇదీ: గోడలకు లోపలి వైపు థర్మోకోల్ షీట్లు, వాటి మీద బోర్డు. పెంకుల కింద థర్మోకోల్ పెట్టి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగ్. బయట సిమెంటు ప్లాస్టరింగ్, దాని మీద వాటర్‌ప్రూఫ్ పెయింటు. మిద్దె మీద రసాయనపు పూత. మూడు ఏసీలు. అంతా కలిపి పదకొండు లక్షలు.

ఆమె భయానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం పడమటి గదిని ఇలాగే బాగుచేయించారు. పాత సున్నం కొట్టేసి సిమెంటు పూశారు, గచ్చు మీద నీరు పీల్చని విట్రిఫైడ్ టైల్స్ వేశారు, గోడలకు ప్లాస్టిక్ ఎమల్షన్ కొట్టారు. ఏడాది పాటు గది అద్దంలా ఉంది. ఇప్పుడు గోడలు నడుమెత్తు దాకా ఉబ్బి పెచ్చులూడుతున్నాయి. చీపురుతో ఊడిస్తే తెల్లగా ఉప్పు రాలుతోంది. బీరువాలో పట్టుచీరలకు బూజు పట్టింది. అత్తగారికి దగ్గు కూడా ఆ గదిలో పడుకోవడం మొదలుపెట్టాకే వచ్చిందని ఆమె అనుమానం. ఊళ్ళో ముసలి తాపీ మేస్త్రి వచ్చి చూసి, "గోడకి ఊపిరాడనివ్వాలమ్మా" అన్నాడు. మరిదికి ఆ మాట చెబితే నవ్వి, "గోడకి ఊపిరితిత్తులు కూడా ఉంటాయా వదినా" అన్నారు. భర్తగారు ఎటూ మాట్లాడరు.

"నేను వద్దంటే అత్తయ్యగారి బాధ నాకు పట్టనట్టు అవుతుంది. సరేనంటే ఇల్లంతా ఆ పడమటి గదిలా అవుతుందేమోనని టెన్షన్. పైగా రేపు పంపకాల్లో ఈ ఇల్లు ఎవరికి వస్తుందో తెలియదు. ఎవరి మాట వినమంటారు?" అని అడిగారు.

అమ్మా, ముందు మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతాను. మీ మరిది చెప్పిన బాధ నిజం. మీ మేస్త్రి చెప్పిన కారణం నిజం. ఇద్దరూ రెండు వేర్వేరు జబ్బుల గురించి మాట్లాడుతున్నారు, అందుకే ఒకరి మాట ఒకరికి ఎక్కడం లేదు. మీ ఇంటికి వేడి పైనుంచి వస్తోంది, చెమ్మ కిందనుంచి వస్తోంది. కాంట్రాక్టరు రెండింటికీ కలిపి ఒకే దుప్పటి కప్పుతానంటున్నాడు. ఆ దుప్పటి వేడిని కొంత ఆపుతుంది, చెమ్మను మాత్రం లోపలే బంధిస్తుంది.

ఊపిరి సంగతి. గోడ పీల్చేది గాలి కాదు, నీటి ఆవిరి. మీ నేలలో నీళ్లు చాలా పైనే ఉంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక డెల్టా పచ్చబడింది, దాంతోపాటు నేలా తడిబారింది. ఆ తడి దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు ఇటుకలోకి ఎక్కుతుంది. పాతవాళ్లు దాన్ని ఆపాలని చూడలేదు. ఎక్కిన తడి ఎక్కినట్టే ఆరిపోయేలా సున్నం పూశారు. సున్నంలోంచి ఆవిరి సులువుగా బయటికి పోతుంది. సిమెంటులోంచి అంత సులువుగా పోదు, దాని మీద ప్లాస్టిక్ పెయింటు ఉంటే మరీ పోదు. పోయే దారి లేని తడి గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది. అడుగెత్తున ఆరిపోవాల్సింది నడుమెత్తుకు వస్తుంది. నీళ్లతోపాటు కరిగి వచ్చిన ఉప్పు ప్లాస్టరింగ్ వెనక గడ్డకట్టి దాన్ని తోస్తుంది. పెచ్చు ఊడినప్పుడు దాన్ని తిప్పి వెనక వైపు చూడండి, ఎర్రగా ఇటుక పొర అంటుకుని ఉంటుంది. పోయింది పూత ఒక్కటే కాదు, మీ గోడ కూడా.

టైల్స్ చేసిన పని కూడా తక్కువది కాదు. పాత గచ్చు నేల తన వంతు తడిని తానే వదిలేసేది. దాని మీద విట్రిఫైడ్ టైల్స్ పరిచాక ఆ తడి కూడా గోడల దారే పట్టింది. మీ మరిదికి ఈ సంగతి చెప్పాలంటే కుండ చాలు. మంచినీళ్ల కుండకు ఎనామిల్ పెయింటు వేస్తే ఏమవుతుందో ఆయనకు చిన్నప్పుడే తెలిసి ఉంటుంది.

నేను ఇదంతా పుస్తకం చూసి చెప్పడం లేదు. పాతికేళ్ల కిందట మా మేనమామ ఇంటికి దగ్గరుండి సిమెంటు పూయించింది నేనే. మూడో ఏడు దూలం చివర గోడలో కుళ్ళి కిందకు జారింది. అదృష్టం కొద్దీ అప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు. అత్తయ్య ఇప్పటికీ ఆ మాట ఎత్తదు, అదే ఎక్కువ బాధ.

ఇక వేడి. కోనసీమలో మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ రోజుల్లో ఎండ దెబ్బంతా కప్పుదే. గోడలకు ఏటవాలుగా తగిలేది తక్కువ, పడమటి గోడకు సాయంత్రం మాత్రం కాస్త ఎక్కువ. పైగా అడుగున్నర ఇటుక గోడ దాటి వేడి లోపలికి రావడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. మధ్యాహ్నపు వేడి అర్ధరాత్రి దాటాక చేరుతుంది. అప్పటికి కిటికీలు తీసి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది, గోడ తెల్లారేసరికి చల్లబడి పగలంతా మీకు చల్లదనం ఇస్తుంది. అలాంటి గోడకు లోపలి వైపు థర్మోకోల్ అంటించడమంటే ఆ చల్లదనాన్ని గదికి అందకుండా చేయడమే. డబ్బు ఉన్నా లేకపోయినా గోడల ఇన్సులేషన్ మీకు అక్కర్లేదు. ఈ ఒక్కటీ మొహమాటం లేకుండా చెబుతాను.

కప్పు కథ వేరు. ఇక్కడ మీ మేస్త్రి చెప్పిన ఊపిరి మాట ఒక్కటే చాలదు. పాత ఇల్లు దానంతట అదే చల్లగా ఉంటుందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. పెంకు పల్చన. ఎండకు కాలి, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కింద ఉన్నవాళ్ల మీదికి సెగ కొడుతుంది. ఇదివరకు ఆ సెగ పోయే దారి మీ ఇంట్లో ఉండేది. ఉత్తరం ఆఖర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశారు: "కోతుల బాధ పడలేక మూడేళ్ల కింద మండువా పైన ఫైబర్ షీటు వేయించాం." నాకు ఆరు పేజీల్లో అదే ముఖ్యంగా కనిపించింది. మండువా ఉన్నది వానకు, వెలుగుకు మాత్రమే కాదు. నాలుగు వైపుల గదుల్లోని వేడి గాలి అక్కడికి చేరి పైకి పోవాలి. దాని నెత్తిన మూత పెట్టారు. షీటు ఎండకు కాలి ఇంకో పొయ్యిలా తయారైంది. అత్తగారు మండువా వారన పడుకున్నా ఉపశమనం లేకపోవడానికి కారణం అది కావచ్చు. షీటు తీసేయమని అనను, కోతుల సంగతి నాకూ తెలుసు. దాన్ని అడుగున్నర, రెండడుగులు పైకి లేపి, చుట్టూ గట్టి ఇనప జాలీ కొట్టించండి. వెల్డింగ్ షాపువాడికి ఒకటి రెండు రోజుల పని. మిగతావన్నీ దీని తర్వాతే.

ఆ తర్వాత పెంకుల కింద ఏం వేయాలి? మీ ముందు మూడు దారులున్నాయి.

కాంట్రాక్టరు చెప్పిన థర్మోకోల్, పీఓపీ ఒకటి. చూడ్డానికి బాగుంటుంది, వేడీ తగ్గుతుంది. కానీ వాసాలు, పెంకులు ఆనే రీపర్లు ఇక కంటికి కనిపించవు. ఒక పెంకు పగిలి నీళ్లు కారితే ఆ సంగతి మరక బయటపడే దాకా తెలియదు, చెద పడితే దూలం వంగే దాకా తెలియదు. ఎలుకలకు థర్మోకోల్ కన్నా మంచి ఇల్లు లేదు. నిప్పు తగిలితే కరిగి నల్లటి పొగ చిమ్ముతుంది, ఆ వాసాల మధ్యే పాత కరెంటు వైర్లున్న ఇంట్లో అది నాకు నచ్చదు.

రెండోది మీ ఇంటి చుట్టూ దొరికేదే, కొబ్బరి పీచు. ఐసు గడ్డల మీద ఊకో రంపపు పొట్టో కప్పేది ఎందుకు? ఆ పొట్టు మధ్య ఇరుక్కున్న గాలి వేడిని తొందరగా పోనివ్వదు. పీచు పరుపు కూడా అంతే, పైగా ఆవిరిని అడ్డుకోదు. వాసాల కింద వెదురు తడకలు గానీ సన్న చెక్క బద్దలు గానీ కొట్టించి, వాటి మీద రెండు మూడు అంగుళాల మందం పీచు షీట్లు పరవాలి. పెంకుకూ పీచుకూ మధ్య కనీసం నాలుగంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోకి చూరు దగ్గర గాలి రావాలి, కప్పు నడినెత్తిన బయటికి పోవాలి. రెండు చోట్లా సన్న జాలీ కొట్టకపోతే పిచ్చుకలు, ఎలుకలు కాపురం పెడతాయి. వెదురునూ పీచునూ బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడితే పురుగు పట్టదు, మంట కూడా అంత తొందరగా అంటుకోదు. వైరింగ్ అంతా పైపుల్లోకి మార్చాకే ఈ పని మొదలుపెట్టాలి. ఇందులో ఇబ్బంది కూడా చెప్పాలి: అలవాటున్న పనివాళ్లు తక్కువ, మీ వారు గానీ మీరు గానీ దగ్గర నిలబడాలి. పదేళ్లకోసారి విప్పి చూసుకోవాలి. అలా విప్పి చూసుకునే వీలుండడమే దీని సుగుణం అని నేనంటాను, మీ మరిది దాన్ని లోపం అనవచ్చు.

మూడోది సీలింగు జోలికి పోకుండా పెంకుల పైన తెల్ల సున్నం కొట్టించడం. ఖర్చు బాగా తక్కువ, ఈ వారంలోనే చేయొచ్చు. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే. కాకపోతే పెంకుల మీది సున్నం రెండు వానలకు కారిపోతుంది, ఏటా వేసవి ముందు కొట్టుకోవాలి. ఎక్కేవాళ్ల కాళ్ల కింద నాలుగు పెంకులు పగలడం ఖాయం. ఈ ఏడాది అత్తగారి గది వరకు ఇది చేసి చూడండి, రెండో దారికి తొందరపడక్కర్లేదు. చూరుకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లమని ఎవరైనా చెబుతారు. అది అనంతపురంలో పనిచేసినట్టు మీ దగ్గర పనిచేయదు, మీ గాలిలో ఉక్క అప్పటికే నిండా ఉంది.

వెనక మద్రాసు మిద్దె మీద రసాయనపు పూత మాత్రం వద్దు. ఆ కప్పులో ఇటుకలు, సున్నం జల్లి, కింద చెక్క దూలాలు ఉన్నాయి. పైన రబ్బరులాంటి పొర వేస్తే ఎక్కడో చిన్న పగులులోంచి దిగిన నీళ్లు మళ్ళీ పైకి ఆరలేక దూలాల్లోకే చేరతాయి. తూములు శుభ్రం చేయించి, పగుళ్లలో సున్నం, ఇటుక పొడి కలిపి నింపించి, పైన తెల్ల సున్నం కొట్టిస్తే చాలు. డబ్బుంటే తెల్ల చైనా పెంకు ముక్కలు సున్నంలోనే పరిపించండి, పీచు సీలింగు కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఏసీ వద్దని నేను అనను. 78 ఏళ్ల మనిషికి మే నెల మధ్యాహ్నం సరదా విషయం కాదు. అత్తగారి గదికి ఒక్క ఏసీ పెట్టించండి. కానీ 20 దగ్గర పెట్టి గదిని ఐసు డబ్బా చేయకండి. వేసవిలో తీరం గాలి 25, 26 డిగ్రీల చల్లటి వస్తువు తగిలితే చాలు నీరు కట్టేస్తుంది. చలి దేశాల ఇళ్లలో ఆవిరి లోపలినుంచి బయటికి పోతుంది కాబట్టి అక్కడ లోపలి వైపు ప్లాస్టిక్ పొర వేస్తారు. మీ మరిది ఇంటర్నెట్‌లో చూసేవి ఎక్కువగా అవే అయ్యుంటాయి. మన ఏసీ గదిలో ఆవిరి బయటినుంచి లోపలికి వస్తుంది. లోపల ప్లాస్టిక్ ఉంటే దాని వెనకే నీరు కడుతుంది, బూజు అక్కడే పుడుతుంది. 27లో పెట్టి ఫ్యాను వేసుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు. దగ్గు విషయంలో మాత్రం గోడను తిట్టుకుంటూ కూర్చోకండి. ముందు ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, గదిలో బూజు ఉందని ఆయనకు చెప్పండి. ఈలోపు అత్తగారిని ఆ పడమటి గదిలో పడుకోనివ్వకండి.

పడమటి గదిని ఏం చేయాలి? కాలువలు కట్టేసి నేల కాస్త ఆరి ఉన్న రోజులివి, గోడల మీది సిమెంటు తీయించేయడానికి ఇదే అదును. ఉబ్బినంత మేరకే కాదు, దానికి రెండడుగుల పై దాకా తీయించండి. సమ్మెట వద్దు, ఉలితో నెమ్మదిగా తీయాలి. గోడల వారన ఒక వరస టైల్స్ కూడా లేపించండి. తర్వాత గోడను అలాగే వదిలేయండి. వానాకాలమంతా ఎర్రటి ఇటుకలు బయటపడి ఉంటే చూడ్డానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి. బయటికి తేలిన ఉప్పును పొడి చీపురుతో ఊడ్చి చాటలో ఎత్తి బయట పారేయాలి, నీళ్లతో కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. కార్తీకం వచ్చాక సున్నం పూయించండి. నిండు వేసవిలో పూస్తే తొందరగా ఆరిపోయి పగుళ్లిస్తుంది. గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా కొట్లో ఎన్నాళ్లుగానో పడి ఉన్న బస్తా కాకుండా, తాజాగా తెచ్చి తడిపి కొన్ని వారాలు మాగబెట్టింది కావాలి. మీ ముసలి మేస్త్రికి ఇదంతా నేను చెప్పక్కర్లేదు, ఆయన వెంట ఇద్దరు కుర్రాళ్లను పెట్టండి, వాళ్లూ నేర్చుకుంటారు. సున్నం తడిపేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్లలో పడితే చూపు పోతుంది. పైన ఎమల్షన్ బదులు మన పాత వెల్ల, కొంచెం నీలిమందు కలిపి. మొదటి సున్నం మూడు నాలుగేళ్లకు ఉప్పు పీల్చుకుని రాలవచ్చు, అప్పుడు కంగారు పడకండి. అది రాలితే గోడ మిగులుతుంది, మళ్ళీ పూసుకుంటారు.

అయితే కింద నీళ్లు నిలుస్తున్నంత కాలం పైన ఏం పూసినా అంతే. వీధి రోడ్డు వేసినప్పుడల్లా పెరిగి మీ అరుగుతో సమానమైందని, వాన పడితే పడమటి గోడ పక్కన చెరువు అవుతుందని మీరే రాశారు. ఆ గోడ పొడవునా ఒక అడుగు దూరంలో రెండడుగుల లోతు కాలవ తవ్వించి, కంకర నింపి, పెరటి వైపు వాలు ఇవ్వండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా రేకు తొట్టి కట్టించండి. గోడను ఆనుకుని సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టించండి. చూపించుకోవడానికి ఏమీ ఉండని పని, అందుకే ఏ కాంట్రాక్టరూ అంచనాలో రాయడు.

ఇప్పుడు మీ ఇంట్లో మాట. మీ మరిదికి "వద్దు" అని చెప్పకండి. దూరాన ఉన్నవాడికి డబ్బు పంపడం ఒక్కటే చేతిలో ఉన్న సేవ, అది కాదంటే అమ్మను కాదన్నట్టు వినిపిస్తుంది. "ముందు అత్తయ్యగారి గదికి ఏసీ, మండువా షీటు, పడమటి కాలవ, ఈ మూడింటికీ పంపు బాబూ. వచ్చే వేసవి చూసి మిగతాది మాట్లాడుకుందాం" అనండి. పదకొండు లక్షల్లో చిన్న భాగంతో అయిపోతుంది. అమ్మ హాయిగా నిద్రపోవడం ఆయన ఈ నెలలోనే చూస్తారు. పంపకాల భయానికి కూడా ఇదే మేలు. ఇవేవీ ఇంటిని మార్చేవి కావు, రేపు ఎవరి వాటాకు వచ్చినా నష్టం లేదు. ఎవరు ఎంత పెట్టారో మాత్రం ఒక నోటుబుక్కులో రాసి, అన్నదమ్ములిద్దరి చేతా సంతకం పెట్టించండి. ఇద్దరి మధ్యా ప్రేమగా ఉన్నప్పుడే పెట్టించాలి. ఇది అడగాల్సింది మీరు కాదు, మీ వారు. ఇంతవరకు మాట్లాడలేదు కదా, ఆయనకు ఈ ఒక్క పని ఇవ్వండి.

మీ మేస్త్రి మాటా, నా మాటా ఊరికే నమ్మక్కర్లేదు. ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. మందపాటి ప్లాస్టిక్ కవరు అడుగు చదరం కత్తిరించి పడమటి గోడ మీద, పెచ్చు ఊడని చోట, మోకాలెత్తున నాలుగంచులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఇంకొకటి సున్నం గోడ ఉన్న తూర్పు గదిలో అదే ఎత్తున. మూడు రోజుల తర్వాత చూడండి. కవరు పైన నీటి చుక్కలుంటే అది గదిలోని ఉక్క. కవరు వెనక, గోడ వైపు చుక్కలుంటే అది గోడలోంచి వచ్చిన నీరు. కాలువలు వదిలాక అవే చోట్ల మళ్ళీ అంటించి, నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టి అట్లాంటాకు పంపండి.